ఆపినా మినుకుమనే లైటు

కొత్తగూడెం, పాల్వంచ దాటి, సారపాక కాగితం మిల్లు పక్కగా వచ్చి గోదావరి వంతెన ఎక్కేదాకా దారిలో వెలుతురుకు కొదవ ఉండదు. థర్మల్ స్టేషన్ దీపాలు, మిల్లు దీపాలు, వంతెన దిగితే భద్రాచలం బజారు దీపాలు. ఎటపాక, నెల్లిపాక దాటి చింతూరు దారి పట్టాక అసలు చీకటి మొదలవుతుంది. అటూ ఇటూ టేకు, మద్ది, ఇప్ప చెట్లు. ఎదురుగా బండి వస్తే తప్ప వెలుగు లేదు. అలాంటి చోట బండి పక్కకు తీసి, ఇంజను ఆపి, తలుపులన్నీ వేసి ఓ పావుగంట ఊరికే కూర్చోండి. ఈ మధ్య లోపలి గాజు బల్బు తీయించి ఎల్ఈడీ వేయించిన బండైతే, చాలాసార్లు తలపైన నీలి ఛాయతో సన్నగా ఏదో మినుకుమంటూ కనిపిస్తుంది. లైటు ఆపారు, తలుపు వేశారు, తాళంచెవి జేబులోనే ఉంది. అయినా దీపం పూర్తిగా ఆరలేదు.

దీని గురించి ఎలక్ట్రికల్ షాపు ముందు మాట సాధారణంగా ఇలా నడుస్తుంది.

"అన్నా, మొన్న ఏసిన లైటు ఆపినా మినుక్కుమంటానే ఉంది."

"బల్బు తేడా తమ్ముడూ. ఇంకోటి ఏస్తా, తీసుకుపో."

ఇంకోటి వేస్తారు. అదీ మినుకుమంటుంది. ఇంకాస్త ఖరీదైనది తెస్తారు, అదీ అంతే. చివరికి "ఎల్ఈడీలంటే ఇంతే" అని తేల్చేసి పాత గాజు బల్బు మళ్లీ బిగిస్తారు. మినుకు పోతుంది, మాట అక్కడితో ముగుస్తుంది.

నాకు ఆ తీర్పు మీద అభ్యంతరం ఉంది, అందుకే ఇవాళ మీతో ఈ కబురు ఎత్తుకున్నాను. చాలా బండ్లలో ఎల్ఈడీ తప్పేమీ ఉండదు. తీగల్లో ఎప్పటినుంచో సన్నగా కారుతున్న కరెంటును అది మనకు చూపించింది, అంతే. గాజు బల్బు ఉన్నన్నాళ్లూ ఆ కారడం మన కంట పడలేదు. కాబట్టి ఆ మినుకును ఎలా ఆర్పాలన్నది రెండో ప్రశ్న. అది ఎక్కడినుంచి వస్తోందన్నది మొదటి ప్రశ్న. ఈ వరసను తిరగేస్తే డబ్బులు పోతాయి, ఒక్కోసారి అడవి మధ్యలో బండి కూడా కదలకుండా పోతుంది.

ముందు కరెంటు కారడం అంటే ఏమిటో చూద్దాం. పొలానికి నీళ్లు పెట్టే తూము తలుపు పూర్తిగా దించినా అంచుల వెంట కొద్దిగా ఊట కారుతూనే ఉంటుంది. కింద పెద్ద కాలువ ఉంటే ఆ ఊట ఎవరికీ తెలియదు. ఎండిన చిన్న బోదె అయితే తడి గీత స్పష్టంగా కనిపిస్తుంది. గాజు బల్బు ఆ పెద్ద కాలువ, ఎల్ఈడీ ఆ చిన్న బోదె.

అంకెల్లో చెబితే ఇంకా బాగా తెలుస్తుంది. కార్లలో రూఫ్ లైటుకు వాడే 12 వోల్టుల, 5 వాట్ల గాజు బల్బు వెలుగుతున్నప్పుడు దాని నిరోధం దాదాపు 29 ఓములు. చల్లారి ఉన్నప్పుడు అందులో పదోవంతు, అంటే 2, 3 ఓములు మాత్రమే. ఎక్కడినుంచో 5 మిల్లీ ఆంపియర్ల కరెంటు కారి ఆ బల్బులోంచి పోయిందనుకోండి, దాని రెండు కొసల మధ్య ఏర్పడే వోల్టేజీ 0.015. ఫిలమెంటు వెచ్చబడటానికి కూడా అది చాలదు.

ఎల్ఈడీ సంగతి వేరు. మనం తెల్ల ఎల్ఈడీ అంటున్నది నిజానికి నీలి ఎల్ఈడీ. నీలి వెలుగునిచ్చే చిప్పు మీద పసుపుపచ్చ ఫాస్ఫర్ పూస్తే రెండూ కలిసి తెల్లగా కనిపిస్తాయి. ప్రకాశవంతమైన ఆ నీలి ఎల్ఈడీని సాధించినందుకే ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురాలకు 2014లో ఫిజిక్స్ నోబెల్ బహుమతి వచ్చింది. ఒక్కో చిప్పు బాగా వెలగాలంటే ఇంచుమించు 3 వోల్టులు కావాలి. 12 వోల్టుల బండి బల్బులో సాధారణంగా ఇలాంటి చిప్పులు మూడేసి వరసగా కలిపి, వెనక ఒక చిన్న రెసిస్టర్ పెడతారు. దాదాపు 8 వోల్టులు దొరికితే ఆ వరస వెలగడం మొదలవుతుంది. ఆ గడప దాటాక మిల్లీ ఆంపియర్‌లో పదోవంతు కరెంటు చాలు, చీకట్లో కంటికి ఆనుతుంది. ఫిలమెంటు తీగ ముందు ఎర్రగా కాలితే గాని వెలగదు. ఎల్ఈడీకి కాలే పనే లేదు. అది తన దాకా వచ్చిన కొంచెం కరెంటును కూడా వృథా పోనివ్వక వెలుగుగా మార్చేస్తుంది. దాని గొప్పతనమే ఇక్కడ మనకు లోపంగా కనిపిస్తోంది.

ఇంతకీ ఈ మినుకు ఖమ్మంలో వైరా రోడ్డు మీద బండి ఆపినప్పుడు ఎందుకు కనిపించలేదు? వీధి దీపాల వెలుగు అద్దాల్లోంచి లోపలికి పడుతుంటే ఈ సన్న వెలుగు అందులో కలిసిపోతుంది. దానికి తోడు మన కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అలా అలవాటు పడ్డాక ఎరుపు, పసుపు వెలుగులకన్నా నీలి, ఆకుపచ్చ ఛాయలనే కన్ను ఎక్కువగా పట్టుకుంటుంది. ఎల్ఈడీలో నీలి పాలు ఎక్కువ. అందుకే ఊళ్లో లేని జబ్బు అడవిలో పుట్టినట్టు అనిపిస్తుంది. జబ్బు ఊళ్లోనూ ఉంది, పరీక్షకు తగిన చీకటి అడవి అంచున దొరికింది. శ్రీరామనవమికి కుటుంబంతో భద్రాచలం వచ్చి, గది దొరక్క బండిలోనే సీట్లు వాల్చుకుని పడుకున్నవాళ్లకు ఈ మినుకు మొదటిసారి కనిపించిందంటే ఆశ్చర్యం లేదు.

ఇక వెతకడం మొదలుపెడదాం. మన ఏజెన్సీ రోడ్ల మీద తిరిగే పాత జీపుల్లో, చాలా పాత కార్లలో లోపలి లైటుకు బ్యాటరీ ప్లస్ తీగ ఎప్పుడూ వచ్చి ఉంటుంది. తలుపు తెరిచినప్పుడు డోర్ స్విచ్ రెండో తీగను బాడీకి, అంటే ఎర్త్‌కు కలుపుతుంది. అప్పుడు లైటు వెలుగుతుంది. ఆ డోర్ స్విచ్ అంటే తలుపు పక్క స్తంభంలో బయటికి పొడుచుకు వచ్చిన చిన్న పిన్ను. దాని మీద రబ్బరు టోపీ ఉంటుంది. బండి కొత్తలో ఆ టోపీ మెత్తగా, బిగుతుగా ఉంటుంది. ఎండలు 45 డిగ్రీలు తాకే మే నెలలు కొన్ని గడిచాక అది పెళుసై పగులుతుంది.

ఆ పగుళ్లలోంచి మన రోడ్ల మీద ఏమేం లోపలికి పోతాయో మీకు చెప్పక్కర్లేదు. మణుగూరు, కొత్తగూడెం బొగ్గు లారీల వెనక బొగ్గుపొడి. బూడిద టిప్పర్ల వెనక బూడిద. తునికాకు కల్లాల దాకా వెళ్లే మట్టిబాటల మీద ఎర్రదుమ్ము. పొడిగా ఉన్నంతకాలం వీటితో పెద్దగా ఇబ్బంది ఉండదు. జూన్‌లో వానలు పడి ఆ దుమ్ము తడిసిందంటే అదే సన్నని కరెంటు బాటగా మారుతుంది. తలుపు వేసే ఉంటుంది, స్విచ్ లోపలి రేకులు విడివడే ఉంటాయి, అయినా ఆ తడి పొర మీదుగా కొంచెం కరెంటు ఎర్త్‌కు పోతూ ఉంటుంది. అలా ఏర్పడ్డ బాట నిరోధం 5 వేల ఓములు ఉన్నా ఎల్ఈడీకి మిల్లీ ఆంపియర్‌కు కాస్త తక్కువ కరెంటు అందుతుంది. మినుకుకు అది ఎక్కువే.

దీన్ని పట్టుకోవడానికి మీటరు కూడా అక్కర్లేదు. రూఫ్ లైటు మీద మూడు స్థానాల స్విచ్ ఉంటుంది: ఆన్, డోర్, ఆఫ్. చీకట్లో, తలుపులన్నీ వేసి, దాన్ని డోర్‌లో పెట్టి చూడండి, తర్వాత ఆఫ్‌లో పెట్టి చూడండి. డోర్‌లో మినుకుమని ఆఫ్‌లో పూర్తిగా ఆరిపోతే కారుట డోర్ స్విచ్‌ల వైపు తీగలో ఉంది. అప్పుడు ఒక్కో డోర్ స్విచ్ ఊడదీసి దాని తీగ విప్పండి. ఏ తీగ విప్పగానే మినుకు పోయిందో ఆ స్విచ్చే దొంగ. వెనక డిక్కీ తలుపుకు కూడా స్విచ్ ఉంటుందని మరిచిపోవద్దు. లోడు ఎక్కించి దించేటప్పుడు ఎక్కువ దుమ్ము తినేది అదే. ఆఫ్‌లో పెట్టినా మినుకుమంటుంటే రోగం లైటు డబ్బాలోనే ఉంది. దాని సొంత స్విచ్‌లో తుప్పో, తర్వాత ఎవరో కలిపిన అదనపు తీగో అయి ఉంటుంది.

కొత్త కార్ల దగ్గర కథ మారుతుంది. వాటిలో తలుపు తెరిచారా మూశారా అన్న సంగతి బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే చిన్న కంప్యూటరుకు వెళుతుంది. మన ఎలక్ట్రీషియన్లు బీసీఎం అంటారు. లైటును వెలిగించేదీ ఆర్పేదీ అదే. తలుపు వేయగానే లైటు ఒక్కసారిగా ఆరకుండా మెల్లగా మసకబారేది కూడా దాని చలవే. లైటును నడపడానికి అది రేకుల స్విచ్ వాడదు, ట్రాన్సిస్టర్ వాడుతుంది. ట్రాన్సిస్టర్ మూసుకున్నా అతి కొద్దిగా కరెంటు కారుతుంది. కొన్ని బండ్లలో బల్బు మాడిందో లేదో తెలుసుకోవడానికి మాడ్యూల్ అప్పుడప్పుడు చిన్న చిన్న పరీక్షా పల్సులు పంపుతుంది. గాజు బల్బుతో ఇవేవీ బయటపడవు. ఎల్ఈడీ పెట్టగానే మొదటిది సన్నని మినుకుగా, రెండోది అదిరే మెరుపుగా కనిపిస్తాయి. ఇందులో ఏదీ చెడిపోలేదు, బండిని తయారు చేసినవాళ్లు గాజు బల్బును లెక్కలో పెట్టుకుని చేశారు, అంతే.

అందుకని కొత్త కారులో మొదటి పరీక్ష ఓపిక. తలుపులు వేసి తాళం వేయండి. బయట నిలబడి అరగంట తర్వాత అద్దంలోంచి చూడండి. అప్పటికి మినుకు పోయిందంటే మాడ్యూల్ నిద్రలోకి వెళ్లిపోయిందని అర్థం, దిగులు పడాల్సింది లేదు. అరగంట తర్వాత కూడా ఉంటే రెండు దారులున్నాయి. ఒకటి, సాధారణమైన కారుట. రెండోది, ఏదో తలుపు మూసుకోలేదని మాడ్యూల్ అనుకుంటూ మేలుకునే ఉండటం. ఈ రెండోది ప్రమాదకరం. కొత్త కార్లలో తలుపు స్విచ్ చాలావరకు తాళం గొళ్లెం లోపలే ఉంటుంది. తలుపు తెరిచి ఉంచి, స్క్రూడ్రైవర్‌తో ఆ గొళ్లేన్ని మూసుకునేలా నొక్కితే తలుపు మూశారనే బండి నమ్ముతుంది. డ్యాష్‌బోర్డు మీద తలుపు గుర్తు పోవాలి. నొక్కినా పోకపోతే గొళ్లెంలోనే దోషం. ఒక్క జాగ్రత్త: పరీక్ష అయ్యాక హ్యాండిల్ లాగి గొళ్లేన్ని విడిపించాకే తలుపు వేయండి. లేకపోతే తలుపు గొళ్లెం మీద కొట్టుకుని రెండూ పాడవుతాయి.

ఇప్పుడు మీటరు సంగతి. డిజిటల్ మల్టీమీటర్ చేతిలో ఉన్నవాళ్లు ఇక్కడ తరచు తికమక పడతారు. బల్బు తీసేసి హోల్డరులో మీటరు పెడితే 10, 11 వోల్టులు చూపిస్తుంది. "సప్లయి పూర్తిగా వస్తోంది, స్విచ్ కట్ చేయడం లేదు" అనుకుంటారు. మీటరు తన కోసం వాడుకునే కరెంటు దాదాపు శూన్యం, దాని లోపలి నిరోధం సాధారణంగా కోటి ఓములు. అందుకే అతి సన్నని కారుటను కూడా అది పూర్తి వోల్టేజీలా చూపించగలదు. ఇక్కడ నిజం చెప్పేది పాత గాజు బల్బే. అదే హోల్డరులో గాజు బల్బు పెట్టి, దాని కొసల మధ్య మీటరుతో చూడండి. అంకె సున్నాకు పడిపోతే అది వట్టి కారుట. గాజు బల్బు కూడా ఎర్రగా కనబడితే మాత్రం ఎక్కడో నిజంగానే సర్క్యూట్ మూసుకుని ఉంది, ఆ బండిని అలా వదిలి ఇంట్లోకి పోవద్దు. ఎల్ఈడీలు వేయించుకునే వాళ్లందరికీ నేను చెప్పే మాట ఇది: తీసేసిన గాజు బల్బుల్లో ఒకటి డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకోండి. అంతకన్నా చవకైన పరీక్షా పరికరం ఇంకోటి లేదు.

మన ప్రాంతపు షేర్ జీపుల్లో, ట్రాలీ ఆటోల్లో మరో కారణం ఎక్కువ. కంపెనీ ఇచ్చిన లైటు కాక, రూఫు పొడవునా ఎల్ఈడీ స్ట్రిప్పులు అంటిస్తారు. వాటికి పెట్టే స్విచ్‌లో చీకట్లో కనబడటానికి ఎర్రటి చిన్న దీపం ఉంటుంది. స్విచ్ ఆపి ఉన్నప్పుడు వెలిగే రకం దీపమైతే, దానికి కావలసిన కరెంటు స్ట్రిప్పులోంచే తిరిగి పోవాలి. పోతూ పోతూ స్ట్రిప్పును కూడా కాస్త మినుకుమనిపిస్తుంది. దీనికి మందు సులువు: మామూలు స్విచ్ వేయండి, లేదా లోపలి దీపానికి వేరే ఎర్త్ తీగ ఇచ్చే మూడు పిన్నుల స్విచ్ వేయండి. టేపు రికార్డరు తీగ నుంచీ, రివర్స్ కెమెరా తీగ నుంచీ స్ట్రిప్పుకు సప్లయి లాగి ఉంటే వాటి కారుట కూడా ఇందులో కలుస్తుంది. స్ట్రిప్పుకు తనదైన ఫ్యూజుతో తనదైన తీగ ఉండటం అన్నివిధాలా మేలు.

కారణం దొరికాక మందు. డోర్ స్విచ్ తడి అయితే దాన్ని విప్పి కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి, బాగా ఆరబెట్టి, రబ్బరు టోపీ కొత్తది వేయండి. పని చేయకపోతే స్విచ్చే మార్చండి, ఖర్చు పెద్దదేమీ కాదు. వరదలో నిలిచిన బండి అయితే ఇక్కడితో ఆగొద్దు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకు. అలాంటి నీళ్లు బండిలోకి చేరితే కార్పెట్ కింద ఉండే కనెక్టర్లలో పచ్చటి చిలుము పడుతుంది, అది ఏళ్ల తర్వాత కూడా కరెంటుకు తప్పుదారులు చూపిస్తుంది. కార్పెట్ ఎత్తి ఆ కనెక్టర్లన్నీ విప్పి చూడాల్సిందే.

అంతా బాగుండి, కారుట బీసీఎం స్వభావమే అని తేలితే అప్పుడు ఆర్పే ఉపాయాలకు వెళ్లాలి. అన్నిటికన్నా తేలికైనది, ఒకే లైనులో రెండు మూడు లైట్లు ఉన్నచోట ఒక్కటి గాజు బల్బుగానే ఉంచడం. కారే కరెంటంతా దానిలోంచి పోతుంది, ఎల్ఈడీలు నల్లగా ఆరిపోతాయి. అలా ఇష్టం లేకపోతే ఎల్ఈడీకి పక్కగా, అంటే ప్యారలల్‌గా, ఒక రెసిస్టర్ కలపాలి. కారుట బాట 5 వేల ఓములని ఇందాక అనుకున్నాం కదా. అక్కడ వెయ్యి ఓముల రెసిస్టర్ పెడితే హోల్డరు దగ్గర వోల్టేజీ 2.1కి దిగిపోతుంది. 8 వోల్టుల గడప ఎక్కడ, 2.1 ఎక్కడ! మినుకు మాయమవుతుంది. ఇంజను నడుస్తూ 14.4 వోల్టులు వస్తున్నప్పుడు ఆ రెసిస్టర్‌లో పుట్టే వేడి 0.2 వాట్లు, కాబట్టి అర వాటుది సరిపోతుంది. కారుట ఎక్కువై మినుకు పోకపోతే 470 ఓములకు దిగండి, అప్పుడు ఒక వాటుది కావాలి. అక్కడా ఆగకుండా 100 ఓములు పెట్టేస్తే 2 వాట్ల వేడి పుడుతుంది. రూఫు గుడ్డకు, ప్లాస్టిక్‌కు ఆనుకుని అంత వేడి ఉండటం మంచిది కాదు. ఏ రెసిస్టర్ అయినా అతుకులు బాగా టంకం వేసి, మీద స్లీవు తొడిగి, గుడ్డకు తగలకుండా పెట్టాలి. లోపలే రెసిస్టర్ పెట్టిన క్యాన్‌బస్ రకం ఎల్ఈడీలు కూడా దొరుకుతాయి. అవి కొన్నా వేడి సంగతి మాత్రం చూసుకోండి.

ఇంకో జాగ్రత్త చాలా ముఖ్యమైనది. ఎయిర్‌బ్యాగులున్న కార్లలో స్తంభాల వెంట, రూఫు అంచుల వెంట వాటి తీగలు పోతాయి, కనెక్టర్లు సాధారణంగా పసుపు రంగులో ఉంటాయి. వాటిని టెస్ట్ ల్యాంప్‌తోగాని సూదితోగాని గుచ్చకూడదు.

గ్రానైట్ లారీలు, బొగ్గు టిప్పర్లు నడిపేవాళ్లకు రెండు మాటలు. మీ బండ్లు 24 వోల్టులవి, ఛార్జింగులో 28 దాకా వస్తుంది. పైన చెప్పిన వెయ్యి ఓముల రెసిస్టర్ మీ బండిలో 0.8 వాట్ల దాకా కాలుతుంది, కాబట్టి 2 వాట్లది పెట్టించండి. ఇంకొకటి, 12 వోల్టుల స్ట్రిప్పు చవకగా దొరికిందని రెండు బ్యాటరీల్లో ఒక్కదాని నుంచే సప్లయి తీసుకోవద్దు. ఆ బ్యాటరీ రోజూ కొంత దిగిపోతుంది, రెండోది మోతాదుకు మించి ఛార్జవుతుంది, కొన్నాళ్లకు రెండూ పాడవుతాయి. 24 వోల్టుల స్ట్రిప్పే కొనండి, లేదా 24ను 12కు దించే కన్వర్టర్ పెట్టించండి.

ఇంట్లో కూడా స్విచ్ కట్టేసిన ఎల్ఈడీ బల్బు రాత్రి మినుకుమనడం మీలో చాలామంది చూసే ఉంటారు. అక్కడా ఇండికేటర్ ఉన్న స్విచ్చో, పక్కపక్కనే పొడవుగా పోయే తీగల ప్రభావమో కారణం కావచ్చు. కానీ ఇంట్లో ఒక్కటి తప్పక చూపించుకోండి. వైరింగు చేసినవాళ్లు స్విచ్‌ను ఫేజుకు బదులు న్యూట్రల్‌కు పెట్టి ఉంటే, స్విచ్ ఆపినా హోల్డరులో కరెంటు ఉన్నట్టే. బల్బు మార్చబోయి చెయ్యి తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. అక్కడ మినుకు చెబుతున్న కబురు ప్రాణంతో సమానం.

బ్యాటరీ దిగిపోతుందేమో అన్న భయం గురించి లెక్కతోనే మాట్లాడుకుందాం. ఒక మిల్లీ ఆంపియర్ కారుట నెలరోజులు సాగినా పోయేది ఒక ఆంపియర్ అవర్ కన్నా తక్కువ. 40 ఆంపియర్ అవర్ బ్యాటరీకి అది లెక్కలోకి రాదు. అదే 5 వాట్ల గాజు బల్బు నిజంగా వెలుగుతూ ఉండిపోతే రోజుకు 10 ఆంపియర్ అవర్లు పోతాయి, రెండు రోజుల్లో సగం బ్యాటరీ ఖాళీ. నిద్రపోని మాడ్యూల్ అర ఆంపియర్ లాగినా అంతకన్నా ఎక్కువే పోతుంది. మినుకు చూడటానికి రెండు చోట్లా ఒక్కలాగే ఉండవచ్చు. వెనకున్న నష్టంలో భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా. అది తేల్చడానికి బ్యాటరీ మైనస్ తీగ విప్పి మధ్యలో మీటరును 10 ఆంపియర్ల స్థానంలో పెట్టి, గొళ్లేలన్నీ నొక్కి, అరగంట ఆగి చూడాలి. బండి నిద్రపోయాక 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే క్షేమం. మీటరు అలా ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టొద్దు.

ఈ లెక్కను నేను ఇంతగా పట్టుకుని చెప్పడానికి కారణం మన ప్రాంతమే. ఖమ్మంలో బ్యాటరీ దిగితే నలుగురు నెడతారు, పక్క వీధిలోనే మెకానిక్ ఉంటాడు. చింతూరు అవతల కుంట దారిలోనో, వాగు దాటి గూడేనికి వెళ్లే బాట మీదో రాత్రి బండి మొండికేస్తే ఫోనుకు సిగ్నలు ఉండదు, తెల్లవారేదాకా ఇంకో బండి రాకపోవచ్చు. ఆ గూడేల్లో ఎవరికైనా పురిటినొప్పులు వస్తే, పాము కుడితే, భద్రాచలం ఏరియా ఆసుపత్రి దాకా తీసుకువచ్చేది చాలాసార్లు ఊళ్లో ఉన్న ఆ ఒక్క జీపే. అలాంటి జీపు తెల్లారి మూడు గంటలకు పిలిచినా సెల్ఫ్ అందుకోవాలి. దాని యజమానికి ఎల్ఈడీ మినుకు అలంకారానికి సంబంధించిన విషయం కాదు. తడిసిన డోర్ స్విచ్ గురించి, నిద్రపోని మాడ్యూల్ గురించి ముందుగా అందిన కబురు. ఆ కబురు విన్నవాడు రేపటి ప్రయాణాన్ని ఇవాళే కాపాడుకున్నట్టు.

కాబట్టి షాపుకు వెళ్లినప్పుడు "లైటు మినుకుమంటోంది" అని ఒక్క మాట చెప్పి ఊరుకోవద్దు. ఆఫ్‌లో పెట్టినా వస్తోందా, వాన పడ్డాకే మొదలైందా, అరగంట తర్వాత కూడా ఉంటోందా, గాజు బల్బు పెడితే పోతోందా అన్న నాలుగు సంగతులు ఇంటి దగ్గరే చూసుకుని చెప్పండి. సగం పని మీరే చేసి ఇచ్చినట్టవుతుంది. ఆ తర్వాత ఎలక్ట్రీషియన్ గంటసేపు తలుపులు విప్పి, తీగలు వెతికి, చివరికి పగిలిన రబ్బరు టోపీ ఒకటి మార్చాడనుకోండి, "ఈ టోపీకి ఇంత కూలా అన్నా" అని బేరం పెట్టకండి. కొత్త బల్బు అమ్మితే లాభం, కారణం వెతికితే నష్టం అన్న పరిస్థితి మనమే తెచ్చిపెడితే అతను కొత్త బల్బే అమ్ముతాడు, అందులో అతని తప్పు లేదు. వస్తువుకు ఇచ్చినట్టే వెతికినందుకూ సంతోషంగా కూలి ఇవ్వండి. మన బండ్లు మనల్ని అడవి దాటించేది ఆ వెతుకులాట వల్లే.